దీవెన నిలవని మైనం

ఫిదెన్సియో అపాసాకి బళ్లంటే ప్రాణం, వాటిని ముట్టుకునే మనుషులంటే రోత. పెరూ సరిహద్దు పక్కనున్న కోపకబానా ఊళ్లో, సరస్సు ఒడ్డున, రేకుల పందిరి కింద ఇరవై రెండేళ్లుగా కొత్త బళ్లకు మైనం పట్టిస్తున్నాడు. అతను రుద్దిన బానెట్ మీద ఈగ వాలితే కాలు నిలవక జారి, అలా జారుతూ జారుతూ సరస్సు దాటి పెరూలో తేలుతుందని ఊళ్లో చెప్పుకుంటారు. ఈగ కాదు, నీటికోడి అని అతను దిద్దుతాడు.

రోతకి కారణం లేకపోలేదు. బండి కొన్నవాళ్లంతా గుడి ముందు దీవెన చేయించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వస్తారు. సగం మంది దారిలోనే బండిని పాడుచేసుకుని తెస్తారు. ఒకడు అంట్ల సబ్బుతో కడుగుతాడు. ఒకడు పాత చొక్కాతో తుడుస్తాడు, గుండీలు కూడా పీకకుండా. ఇంకొకడు కోడి వేపుడు తిన్న చెయ్యి తలుపుకి ఆనించి ఫొటో దిగుతాడు. ఫిదెన్సియో కుళ్లిన చేపనైనా ముట్టుకుంటాడు గాని, ఆ జిడ్డు వేళ్ల గుర్తుల్ని తొడుగు లేకుండా ముట్టుకోడు.

ఆ గురువారం డోన్యా బెర్థా కల్లిసాయా అనే ఆవిడ తెల్ల మినీబస్సు తెచ్చింది. పదకొండేళ్లు బజార్లో దుంపలమ్మి కొన్న బండి. గుండ్రటి టోపీ సర్దుకుంటూ దిగి, పెళ్లికూతుర్ని చూపించినట్టు చూపించింది. ఫిదెన్సియో తలుపు మీద వేలు రాసి, వాసన చూసి, మొహం తిప్పుకున్నాడు.

"ఏం పూశారు దీనికి?"

"మా ఇంట్లో గచ్చుకి పూసే మైనమే మేస్త్రీ. నేలంతా అద్దంలా ఉంటుంది."

"మీ నేల ఎండలో ఘాట్ రోడ్డెక్కి పరిగెడుతుందా డోన్యా?"

"పరిగెడితే నాకు బస్సెందుకయ్యా?"

ఆ గచ్చు మైనం వదిలించడానికే గురువారం అంతా పట్టింది. గుడ్డ మార్చినప్పుడల్లా వెళ్లి సరస్సులో చేతులు కడుక్కుని వచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే డోన్యా బెర్థా అతని అలమర ముందు నిలబడి, బ్రెజిల్ తాటాకు మైనం డబ్బా మీద చెయ్యి వేసింది. "ఇది పట్టించు. మందంగా, రొట్టె మీద వెన్నలా."

"వెన్న తినేదానికి. దీనికి ఊపిరి తగిలినంత చాలు." ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుని, ఆమె వేళ్లు ఆనిన చోటు తుడిచాడు. "ముందు ఈ సీసాలోది. ఫ్యాక్టరీలో పుట్టిన ద్రవం, ఉత్త రంగునే గట్టిగా పట్టుకుంటుంది. తాటి మైనం అడుగున వేశామనుకోండి, ఇది దాని మీద నిలవదు. ఇవాళ ఒక పూత, రాత్రంతా ఆరాలి. రేపు పొద్దున రెండోది. సాయంత్రం నీడలో తాటి మైనం. మెరుపు దానిది, కాపలా దీనిది."

"ఇంత తతంగం దేనికి?"

"మీ బండి జ్ఞానతండ్రి కోసం."

ఇక్కడ బిడ్డకి ఉన్నట్టే బండికీ జ్ఞానతండ్రి ఉంటాడు. పూలదండలు, బీరు, రంగు కాగితపు ముక్కలు అన్నీ ఆయన ఖర్చే. ఈ బండికి జ్ఞానతండ్రి డాన్ ఇలారియోన్ పోమా, మినీబస్సుల సంఘానికి పెద్ద. వచ్చే నెల సంఘానికి పన్నెండు కొత్త బస్సులు దిగుతున్నాయి, అన్నీ తెల్లవే. ఈ బస్సు ఆదివారం దీవెనని మరక పడకుండా తట్టుకుంటే ఆ పన్నెండూ ఫిదెన్సియోకే అన్నాడాయన. లేకపోతే పెట్రోలు బంకు దగ్గర గొట్టంతో నీళ్లు కొట్టేవాళ్లకి. ఆ గొట్టం మనుషులు ఒకే గుడ్డతో చక్రమూ, బానెట్టూ తుడుస్తారు. అది తలుచుకుంటేనే ఫిదెన్సియోకి నోట్లో చేదు ఊరుతుంది.

శనివారం చీకటి పడేసరికి బస్సు రంగులో సరస్సు కనిపించింది. సరస్సులో లేని చేపలు కూడా కనిపించాయని అతను తర్వాత చెప్పుకున్నాడు.

ఆదివారం గుడి ముందు బళ్లు బారు తీరాయి. ఫాదర్ ప్లాస్టిక్ బకెట్లో పూలగుత్తి ముంచి బానెట్ మీద, ఇంజను మీద, డోన్యా బెర్థా టోపీ మీద తీర్థం చల్లి తర్వాతి బండికి వెళ్లిపోయాడు. ఆయన వెనక్కి తిరగ్గానే పాత దేవత భూమితల్లి వంతు మొదలైంది. డాన్ ఇలారియోన్ చక్రానికొక సీసా చొప్పున బీరు పోసి, పెట్టెలో మిగిలిందంతా బానెట్ మీద కుమ్మరించాడు. దాని మీద ఎర్ర కాగితపు ముక్కలు గుప్పించాడు. అవి నాని, ఎర్రటి గంజిలా ఉడుకుతూ, నడి ఎండలో నురగ కక్కాయి. బంధువులు వరసగా వచ్చి ఆ గంజిలో చేతులు పెట్టి మొక్కి, ఆ చేతులు తలుపులకి తుడుచుకున్నారు. ఫిదెన్సియో రోడ్డవతల నిలబడి, జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని గంటసేపు చూశాడు.

తర్వాత ఒక్క బకెట్ నీళ్లు పోశాడు. ఎరుపంతా ఒక్క ముద్దగా జారి కింద పడింది. బానెట్ పాల మీగడలా ఉంది. మరక కాదు కదా, మరక నీడ కూడా లేదు.

డాన్ ఇలారియోన్ వంగి బానెట్ మీద బొటనవేలు రాసి చూసుకున్నాడు.

"ఏమీ అంటలేదే," అన్నాడు డాన్ ఇలారియోన్. "ఫాదర్ చల్లింది జారిపోయింది, నేను పోసిందీ జారిపోయింది. ఈ బండికి దీవెన అయినట్టా, స్నానం అయినట్టా?"

అందరూ నవ్వారు. డోన్యా బెర్థా నవ్వలేదు. "మేస్త్రీ, ఏం చేశావు నా బండికి?"

"మరక పడకుండా చేశాను డోన్యా. దీవెన బండికి పడుతుంది గాని రంగుకి పడుతుందా?"

"నువ్వేమైనా ఫాదర్‌వా? లా కుంబ్రే కనుమలో బండి లోయలోకి జారితే నువ్వొచ్చి పట్టుకుంటావా?"

ఆ మాటకి పక్క బళ్లవాళ్లు దగ్గరికి జరిగారు. దీవెన నిలవని మైనమట అన్న మాట ఒక బండి నుంచి ఇంకో బండికి పాకింది. రేపు ఫిదెన్సియో దగ్గర మైనం పట్టించుకోవాల్సిన ట్రక్కాయన తాళాలు జేబులో వేసుకుని, పెట్రోలు బంకు వైపు చూశాడు. డాన్ ఇలారియోన్ పన్నెండు బస్సుల మాట ఎత్తకుండా, చంకలో చెరుకు సారా సీసాతో ఆకాశం చూస్తున్నాడు.

ఫిదెన్సియోకి అర్థమైంది. ఆయన దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు. "ఆ చెరుకు సారా సీసా ఇటివ్వండి."

"తాగుతావా?"

"మీకు మరక కావాలిగా."

మూడు రోజుల పనీ చెరిపెయ్యాలి. గుడ్డ మీద సారా ఒంపుకుని తన చేత్తో తనే రుద్దాడు. ముందు తాటి మైనం వదిలింది. అడుగు రెండు పూతలూ అంత తేలిగ్గా వదల్లేదు. వదలకపోతుంటే అతనికి గర్వం వచ్చింది. బానెట్ పేలవంగా, ఈకలు పీకిన కోడి చర్మంలా తేలేదాకా రుద్ది పక్కకి తప్పుకున్నాడు. డాన్ ఇలారియోన్ రెండో పెట్టె విప్పి మళ్లీ బీరూ, ఎర్ర కాగితాలూ కుమ్మరించాడు. ఎండ తన పని తాను చేసింది. నీళ్లు పోశాక, మేక కాలేయమంత ఎర్ర మరక బానెట్ నడుమ కరుచుకుని ఉంది. డోన్యా బెర్థా దాన్ని నిమిరి కళ్లొత్తుకుంది. జనం చప్పట్లు కొట్టారు.

"పన్నెండూ నీకే మేస్త్రీ," అని డాన్ ఇలారియోన్ బీరు చేత్తోనే అతని వీపు తట్టాడు. "బస్సు ఒళ్లంతా నీ ఇష్టం. బానెట్ మాత్రం మాకు వదిలెయ్."

ఇప్పుడు ఫిదెన్సియో పందిరి కింద తెల్ల బస్సు ఉంటే, మైనం తగలకుండా దాని బానెట్ మీద కాగితం అంటించి ఉంటుంది. చుట్టూ మూడు పూతలు, నీటికోడి జారేంత నునుపుగా. ఆదివారం పొద్దున కాగితం పీకే పని మాత్రం బండిగలవాళ్లే చేసుకోవాలి. అతను సరస్సు వైపు తిరిగి నిలబడతాడు.