హేచరీ లాగ్ ఫైలుకి నేను పెట్టిన అడ్డగీత

రొయ్యపిల్లలు చచ్చినా, జనరేటరు మొరాయించినా నా తప్పు కాదు. ఒక మంచి మనిషి నోట్లో మన్ను కొట్టబోయింది మాత్రం నేనే. ఆ ఘనకార్యం వినండి. మీరు నవ్వుకోవచ్చు, నాకింకా నవ్వు రావడం లేదు.

భావనపాడు దగ్గర రొయ్యపిల్లల్ని పెంచే ఒక హేచరీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. కరెంటు పోయినా, ఎవరైనా జనరేటరు మీట నొక్కినా ఒక పాత లైనక్సు కంప్యూటరు పెట్టె లాగ్ ఫైలనే చిట్టాలో రాసుకునేది. రాసిన ప్రతి లైనునీ అప్పటికప్పుడు డిస్కులోకి దించితే గానీ దానికి మనసొప్పదు. అందుకే నత్తనడక. బీఎస్‌డీ అనే మరో రకం సిస్టముల్లో కెర్నెల్, అంటే సిస్టము గుండెకాయ, చెప్పే కబుర్లే వెంటనే దించుతారనీ, మిగతావి తీరిగ్గా వెళ్తాయనీ ఎక్కడో చదివాను. అరకొర చదువు ఊరుకోనిస్తుందా? సెట్టింగుల్లో ఆ లాగ్ ఫైలు పేరు ముందు చిన్న అడ్డగీత పెట్టాను. అంటే, రాసినవి మెమరీలో ఉంచుకుని వీలున్నప్పుడు దించుకోమని. పెట్టె పరుగందుకుంది.

"ఏటి సేసావురా అల్లుడూ, ఇంత జోరుగా ఉన్నాది?" అన్నాడు ఆపరేటర్ సింహాచలం మావ.

"విద్య మావా," అన్నాను. ఆ గొంతు తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు లేవలేదు. పెట్టెకున్న ముసలి యూపీఎస్ పావు నిమిషం మూలిగి ఆగిపోయింది. గాలి అందక తొట్లలో రొయ్యపిల్లలన్నీ చచ్చి తేలాయి.

"నువ్వు మీట నొక్కనేదు. రేపట్నుంచి రావొద్దు," అన్నాడు ఓనరు మావతో.

"మూడుసార్లు నొక్కినాను బాబూ. అది లెగనేదు. కంప్యూటర్లో రాసుంటాది, సూడండి."

అంత నమ్మకం నా మీద మా అమ్మకి కూడా లేదు. లాగ్ తెరిచాను. కరెంటు పోకముందు లైన్లు ఉన్నాయి, తర్వాత శూన్యం. ఆ పావు నిమిషంలోనే మావ నొక్కిన మూడు నొక్కులూ డిస్కు గడప తొక్కకుండానే మెమరీతో పాటు పోయాయి. అందరూ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. నేను ఆకులన్నీ ముందే దూసి పారేశాను.

"ఇంకో ఫైలేటీ నేదా?" అన్నాడు ఓనరు.

ఉంది. ఎవరు ఏ సెట్టింగు ముట్టుకున్నారో రాసే ఫైలు. దానికి నేను గీత పెట్టలేదు కాబట్టి అక్షరం పోలేదు. నా పేరు, తేదీ, టైము, నేను మార్చిన ఫైలు, అన్నీ పదిలం.

"ఇదెవులు?" అన్నాడు ఓనరు, ఆ ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి.

"నేనేనండి." మొత్తం చెప్పేశాను. మావ తల దించుకుని నేల చూస్తున్నాడు.

ఓనరు మావని ఓసారి చూసి నా వైపు తిరిగాడు. "అయితే ఆడు నొక్కినాడో నేదో తెలీకుండా సేసినోడివి నువ్వు. ఆడు రేపు వస్తాడు. నువ్వు రావద్దు."

మావే నన్ను బండి మీద బస్సు దగ్గర దింపాడు. అక్కడే సముద్రంవైపు తిరిగి ప్రమాణం చేశాను: నెమ్మదిగా, నమ్మకంగా పని చేసుకుంటున్నదాన్ని, పెట్టెనైనా మనిషినైనా, ఈ జన్మలో తొందరపెట్టను.