తలకిందులుగా పట్టుకున్న బైబిల్

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ముందుగా నా తెలివితక్కువతనాన్ని మీ ముందు ఒప్పుకుంటాను, ఎందుకంటే దేవుడు చేసిన మేలు ఎంత పెద్దదో తెలియాలంటే నేను చేసిన వెర్రిపని కూడా తెలియాలి! రెండేళ్ల క్రితం ఇదే శామీర్‌పేట సంఘంలో, ఆదివారం ఆరాధనలో, నేనొక కీర్తన గడగడా చదివితే మీరందరూ ఆమేన్ అన్నారు. నేను చదవలేదండీ, కంఠస్థం చేసి అప్పగించాను! ముందు వరుసలో కూర్చునే ఎస్తేరవ్వ ఆరాధనయ్యాక నా చెవిలో అన్నది: "మస్తుగ సదివినవ్ బిడ్డా. గని బైబిల్ తలకిందులు వట్టినవ్."

నా కంటి లోపలి పొర పాడైపోతోందని డాక్టర్ చెప్పి అప్పటికి ఏడాది. అక్షరాలు మసక, మనుషులు నీడలు. అప్పుడే యూనివర్సిటీలో ఎం.ఏ.లో చేరాను, ఈ సంగతి తెలిస్తే నాయిన చదువు మాన్పించి మా ఊరు అలియాబాద్‌లో ఇంట్లో కూర్చోబెడతాడని భయపడి, డాక్టర్లిచ్చిన వైకల్య సర్టిఫికెట్‌ను బైబిల్ జిప్పు సంచిలో దాచి, మెట్లు లెక్కపెట్టుకుంటూ, నోటీసు బోర్డు ముందు నిలబడి చదివినట్టు తలూపుతూ, కరీంనగర్ రోడ్డు మీద లారీ హారన్ ఎటునుంచి వస్తోందో తెలియక ఆగిపోతే ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ బతికాను. చూపు పోతోంది గానీ, అబద్ధాలకు మాత్రం ఎంత ముందుచూపో!

ఆ రోజు అవ్వ నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. "తండ్రీ, వీని కండ్ల సంగతి నీ చిత్తం. ముందుగాల వీని నోరు తెరిపియ్యి." నాకు కోపమొచ్చింది. కళ్లు అడగక నోరు అడుగుతుందేమిటి?

తరువాతి వారం క్లాసు పరీక్షలో ప్రశ్నపత్రం నాకు తెల్లకాగితంలా కనిపించింది, నేనూ తెల్లకాగితమే ఇచ్చి వచ్చాను. అసలు పరీక్షలకు నాలుగు రోజులే ఉన్నాయి. వరండాలో గోడ పట్టుకుని, "ప్రభువా, నా నోరు తెరువు" అని ఏడ్చి, నేను చెబుతుంటే రాసిపెట్టే మనిషి కావాలని పరీక్షల విభాగంలో అడిగాను. అక్కడి గుమాస్తా నవ్వాడు. "నోటీసు బోర్డు ముందర నిలవడి రోజూ సదువుతవ్, నేనే సూస్త గద! ఇగ గుడ్డోనివైనవా? గీ నాటకాలు ఇంకెక్కడన్న ఆడు!"

నా నటనకు అదే తొలి బహుమతి, సహోదరులారా! నిజం చెప్పినా నమ్మని స్థితికి నన్ను నేనే తెచ్చుకున్నాను. గోడ తడుముకుంటూ, వికలాంగ విద్యార్థుల కోసం ఉన్న గదికి మొదటిసారి వెళ్లాను. ఎవరైనా చూస్తారని అన్నాళ్లూ ఆ వైపే పోలేదు. బైబిల్ సంచి జిప్పు తీసి సర్టిఫికెట్ అక్కడి మేడమ్ చేతిలో పెట్టాను. "ఇన్నొద్దులు ఏడికి వోయినవయ్యా? నీ అసొంటోల్ల కోసమే గద గీ రూమ్!" అని ఆవిడ అప్పటికప్పుడు లేచి పరీక్షల విభాగానికి నడిచింది. పరీక్ష ముందురోజు, రాసిపెట్టే మనిషికి అనుమతి వచ్చింది. ఇంటికెళ్లి నాయినకూ చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "రోడ్డు నేను దాటిస్త బిడ్డా. సదువు నువ్వు దాటు."

పరీక్ష హాల్లో నాకు రాసిపెట్టడానికి పక్కన కూర్చున్నది ఇంటర్ చదివే రజియా. ఆమె మొదటి ప్రశ్న చదవగానే, ఇన్నాళ్లకు ఒక ప్రశ్న నాదాకా చేరిందని ఏడుపు ఆగలేదు. "భయ్యా, గీ ఏడుపు గూడ రాయాల్నా?" అన్నది. నవ్వొచ్చి భయం పోయింది. దేవునికే మహిమ!

నా కళ్లు బాగుపడలేదు. నా భయం బాగుపడింది. మీ సంచిలో కూడా ఏదైనా దాచుకుని వణుకుతుంటే, ప్రియులారా, ఇవాళే జిప్పు తీయండి, ప్రభువు చేతిలో పెట్టండి. ఆయన వెనక్కి పంపేవాడు కాదు!

ఫలితాలు వచ్చిన రోజు నేను తిన్నగా ఆ గుమాస్తా దగ్గరికే వెళ్లాను. "సార్, నాకు కనవడది, నోటీసు బోర్డు మీద నాది జర సదివిపెట్టుండ్రి" అన్నాను. వచ్చాడు. చదివాడు, ఫస్ట్ క్లాస్ అని. సరిగ్గా వినబడలేదన్నాను. మళ్లీ చదివాడు. ఇంకోపారి, జర గట్టిగ అన్నాను. వరండా అంతా తిరిగి చూసేలా చదివాడు.

నా చెవులకు ఏ లోపమూ లేదు, సహోదరులారా. ప్రభువు క్షమించుగాక!