మూడోసారి అడగని బట్లరు

తినడానికని మదరాసు దాకా పోయి, ఫ్రెంచి దొర హోటల్లో దర్జాగా కూర్చుని, నిండు పళ్ళేలు ముక్కు ముందు తిరుగుతుంటే పస్తుండి వచ్చిన మొనగాడు మా కడప జిల్లాలో నేనొక్కణ్ణే. కాదు, ఇద్దరం. రెండో మనిషి నా పెళ్ళాం రూతమ్మ. పాపం, నా మాట విని చెడింది.

అవి తెల్లదొరల రోజులు. నేను కమలాపురం దగ్గర మిషన్ బడిలో పంతుల్ని. కోటుంది, క్రాపుంది, కొత్త పెళ్ళాం చేత నాలుగు మాటలు పలికించే తెలివి మాత్రం లేదు. పెళ్ళయి నెలలు గడిచినా ఆమె ఏమడిగినా "ఊ" అనేది, లేదంటే "ఊహూ" అనేది. ఆమె నోట ఒక్క పూర్తి వాక్యం వినాలని నేను మెట్టరైతు వాన కోసం చూసినట్టు చూసేవాణ్ణి. మా ఇంట్లో మగవాళ్ళు తిని లేచాక గానీ ఆడవాళ్ళు కూర్చోరు. ఎదురెదురుగా కూర్చుంటే కదా మాటలొచ్చేది.

మదరాసులో ఒక ఫ్రెంచి హోటలుందనీ, అక్కడ మొగుడూ పెళ్ళాలు కొవ్వొత్తి వెలుగులో ఎదురెదురుగా కూర్చుని తింటారనీ, లేచేసరికి ఎంత మూగవాళ్ళయినా వసపిట్టలైపోతారనీ ట్రైనింగు స్కూల్లో నాతో చదివిన స్నేహితుడొకడు ఊరించాడు. ఇంకేం, సముద్రం చూపిస్తానని రూతమ్మను రైలెక్కించాను. రాత్రికి గట్టిగా తిందామని పొద్దుటినుంచీ ఇద్దరం ఏమీ తినలేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

గుమ్మం బయట నిలబెట్టి ఆమెకు పాఠం చెప్పాను.

"చూడు రూతమ్మా, గొప్పోళ్ళు తినే చోటిది. పెడతానే తింటే కరువులోంచి వచ్చినామనుకుంటారు. మొదటిసారి వద్దనల్ల. రెండోసారీ వద్దనల్ల. మూడోసారి బలవంతం చేస్తే అప్పుడు పోనీలే అన్నట్టు పెట్టించుకోవల్ల. నేనెట్ట చేస్తే నువ్వూ అట్టే."

"ఊ," అంది.

లోపల అంతా స్నేహితుడు చెప్పినట్టే ఉంది. కొవ్వొత్తి, పూలు, మూలన ఎవరో పియానో వాయిస్తున్నారు. తెల్ల తలపాగా బట్లరు వచ్చి వంగి, "సూప్, సార్?" అన్నాడు.

"నో, థాంక్యూ," అని నవ్వి, పెళ్ళిపంక్తిలో లాగా పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టాను. రూతమ్మా పెట్టింది. బట్లరు ఇంకోసారి వంగి వెళ్ళిపోయాడు.

"పోయినాడే," అంది రూతమ్మ.

మాట్లాడింది! ఆ సంబరంలో ఆకలి మర్చిపోయాను. "వస్తాడులే. మన పెండ్లిళ్ళలో పప్పు బకెట్టు ఒక చుట్టు తిరిగి రాదా," అన్నాను.

వచ్చాడు, కానీ చేపతో. వెన్నలో వేయించిన చేప. "నో, థాంక్యూ." ఈసారి నవ్వు సగమే వచ్చింది. చేప కూడా వెళ్ళిపోయింది.

"అదీ పోయింది."

"చేపదేముండాది. అసలు తిండి ఎనక వస్తాది."

వెనక వచ్చింది నిండు కోడి. ఎర్రగా కాలి, ఆవిర్లు కక్కుతూ ఉంది. లెక్కకు ఇది మూడోసారే. కానీ సూపు వేరు, చేప వేరు, కోడి వేరు, దేనికది మొదటిసారే కదా? బడిపంతుల్ని, లెక్క తప్పలేను. నీరసంగా "నో, థాంక్యూ" అన్నాను. బలవంతం చేయడానికి వీలుగా చెయ్యి మాత్రం కొంచెం పక్కకు జరిపి ఉంచాను. బట్లరు నా మొహం చూసి, "కడుపులో బాగాలేదా, సార్?" అని ఇంగ్లీషులో అడిగి, కోడిని తీసుకుపోయి సోడా తెచ్చిపెట్టాడు.

"ఈయప్ప మూడోసారి అడిగే మనిషి మాదిరి లేడు. పిలిచి పెట్టమంటే ఏం పోతాది?" అంది రూతమ్మ.

"పిలిచి అడిగితే పరువేముంటాది?"

"పరువు కొరుక్కుని తింటామా? పొద్దుటినుంచీ మాడి చస్తాండాం."

నెలల తరబడి నేను ప్రార్థన చేసి కోరుకున్న పూర్తి వాక్యాలు ఇవే. నాకు సంతోషమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ రాత్రి సముద్రపొడ్డున ఉడకబెట్టిన శెనక్కాయలు తింటూ ఆమె మాట్లాడుతూనే ఉంది. ఇప్పటికీ ఆపలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. తిరుగుదారిలో అత్తగారింట్లో దిగాం. అల్లుడొచ్చాడని నాటుకోడి, రాగిసంగటి, బొబ్బట్లంటారే, ఆ నేతి ఓళిగలు. మదరాసు కోడి ఇంకా కళ్ళల్లోనే ఉంది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి దానంతటదే విస్తరికి అడ్డం పడింది.

"వద్దత్తా, చాలు."

"అట్టంటే ఎట్ట నాయనా, రోంత ఏయించుకో," అంటూ అత్త గరిటె ముందుకు చాచింది. ఆహా, ఇదీ మర్యాదంటే అనుకుని, "వద్దు, వద్దు" అన్నాను. ఇంక ఒక్కసారి అడిగితే పెట్టించుకోవచ్చు.

తలుపు చాటు నుంచి రూతమ్మ గొంతు వినిపించింది.

"ఈయప్ప వద్దంటే వద్దేమ్మా. పట్నంలో కోడిని నిలువునా తెచ్చి పెట్టినా ముట్టలే. తీస్కపో. కడుపులో బాగలేదేమో, సోడా తెప్పీ."

చదువుకున్న అల్లుడి మాటంటే అత్తకు మహా గౌరవం. కోడి వెళ్ళిపోయింది, వెనకే ఓళిగలు కూడా.

ఆ సోడా గ్లాసు చేతబట్టుకుని, దేవుని సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవరేం వడ్డించినా "వద్దు" అనను. రేపు నేను పోయేటప్పుడు పాదిరి వచ్చి గొంతులో నీళ్ళు పోయమంటావా అనడిగినా, నీళ్ళు సరే, కూరేముందో చెప్పమంటాను.