నాగరత్నమ్మ కత్తిరించిన పసుపు బెల్టులు

ఇరవై రెండేళ్లు పాలియెస్టర్ దారం ఫ్యాక్టరీ పరీక్షగదిలో నా ఉద్యోగం దారాలు తెంపడం. చీరల దారం కాదది. క్రేను బెల్టుల్లోకి, కారు సీటు బెల్టుల్లోకి పోయే గట్టి దారం. ప్లాస్టిక్ గుళికల్ని కరిగించి, గొట్టంలోంచి జంతికల పిండి దిగినట్టు సన్నని రంధ్రాల్లోంచి పోగులు దించుతారు. వాటిని వేడి రోలర్ల మీద ఐదారు రెట్లు సాగదీస్తారు. ఆ సాగదీతలోనే బలమంతా వస్తుంది. ఎంత బరువుకు తెగిందో రాసి నేను సంతకం పెట్టేదాన్ని. చివరి ఏడాది, పరీక్షలో నిలవని సరుకుకు కూడా మొదటి రకమని సంతకం పెట్టమన్నారు. రెండుసార్లు పెట్టాను. మూడోసారి రాజీనామా ఇచ్చాను. ఆ దారం చివరికి ఎవరి తల మీద వేలాడుతుందో చూడాలని అప్పటి నుంచీ ఒకటే పీకులాట. కర్ణాటకలోని పావగడ తాలూకా క్యాతగానచెర్లులో ఒకావిడ క్రేను బెల్టులు నేస్తోందని పాత సహోద్యోగి చెప్పగానే బయల్దేరాను.

హైదరాబాద్ రైలు దిగి, హిందూపురంలో ఉదయం ఏడింటికి పావగడ బస్సెక్కాను. టికెట్టు వంద లోపే, ప్రయాణం రెండు గంటలకు కాస్త ఎక్కువ. పావగడ బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గాని తిని, అరవై రూపాయలకు షేర్ ఆటోలో కూర్చున్నాను. ఊరు దాటిన కాసేపటికి చేలు ఆగిపోయి పలకలు మొదలయ్యాయి. కనుచూపు మేరా నల్లని సోలార్ పలకలే. డ్రైవరు తిప్పేస్వామి వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "భూమి ఉండేవాళ్లకు ఏడాదికింతని బాడుగ వస్తాదక్కా. కూలికి పోయేటోళ్లకు ఏం వస్తాది? చేనే లేదు, ఇంక కలుపు యాడ తీస్తారు?"

నాగరత్నమ్మ ఆ కూలి చేసిన మనిషే. నలభై ఐదేళ్లుంటాయి. చేలు పలకల కిందికి పోయాక ఆ సోలార్ పార్కులోనే గడ్డి కోసే పనికి వెళ్లిందట. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్లు ఎత్తే బెల్టులు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నాయని చూసి, వై.ఎన్.హొసకోటలో చీరలు నేసే తమ్ముడి సాయంతో బెల్టు పట్టీలు నేసే రెండు పాత మగ్గాలు కొంది. "ఆడదానివి, నీకెందుకివన్నీ అన్నారు. మోసేది బెల్టు గదా, నేను కాదు గదా అన్నా," అని నవ్వింది.

రేకుల షెడ్డులో మగ్గం టకటకమంటోంది. పట్టీని రెండు కొసలా మడిచి, క్రేను కొక్కెం పట్టేలా ఉచ్చుల్లా కుట్టి, ఎంత బరువు ఎత్తవచ్చో రాసిన చీటీ తగిలిస్తారు. ఆకుపచ్చ బెల్టయితే రెండు టన్నులు, పసుపయితే మూడు. ఎత్తాల్సిన బరువుకు ఏడు రెట్లు లాగితే తప్ప తెగకూడదు. దానికోసం జాకీ బిగించిన ఇనుప చట్రం ఒకటి మూలన పెట్టుకుంది.

పదకొండున్నరకు మంజునాథ వచ్చాడు. క్రేను కాంట్రాక్టరు మనిషి. ఐదు పసుపు బెల్టులకు ఆర్డరిచ్చి, దారం కూడా అతనే తెచ్చి ఇచ్చాడు. ఒకదాన్ని ఆమె పొద్దున చట్రంలో లాగి చూసింది. ఇరవై ఒకటి దాకా నిలవాల్సింది పద్నాలుగు టన్నులకే చిరిగింది.

"ఏందప్పా ఈ దారం?" అంది, చిరిగిన బెల్టు అతని ముందు పడేసి.

"పద్నాలుగు మోసింది గదక్కా! మేం ఎత్తేది మూడే. చీటీ తగిలించు, రేపు పనుండాది."

"ఎండలో ఆరు నెలలు పడుంటే బెల్టు బలం తగ్గదా? ఇనుప అంచుకు రాసుకుంటే తెగదా? ఏడు రెట్లు పెట్టింది దానికప్పా, నువ్వు దుడ్లు మిగిలించుకునేదానికి కాదు."

అతను నావైపు తిరిగాడు. నేను ల్యాబులో పనిచేసిన మేడమ్‌నని అతను రాగానే ఆమే చెప్పింది. "మీరన్నా చెప్పండి మేడమ్, ఏం కాదని."

గోడవారగా ఉన్న దారపు ఉండ తీసి చూశాను. దారం చుట్టిన గొట్టం లోపల మొదటి రకమని అంటించిన కాగితం అంచు లేచి ఉంది. గోటితో లాగాను. కింద రెండో రకమని ముద్ర. ఏ ఫ్యాక్టరీదో లేదు. కానీ అలాంటి పని నాకు కొత్త కాదు.

"అవుతుంది," అన్నాను. "ఇలాంటిదానికి నేనూ రెండుసార్లు సంతకం పెట్టాను. తప్పు చేశాను. దీన్ని రెండు టన్నులకు మించి వాడకూడదు."

నాగరత్నమ్మ నన్నొకసారి చూసింది. పెద్ద కత్తెర తీసుకుని మిగిలిన నాలుగు బెల్టుల్నీ అతని కళ్లముందే నడిమికి కత్తిరించింది. ఆ బెల్టు అంత సులువుగా తెగదు. నాలుగోదానికి రెండు చేతులూ పట్టి నొక్కాల్సి వచ్చింది. అయినా కత్తెర నాకివ్వలేదు.

"ఇంక నీకు ఆర్డరు రాదు," అన్నాడు మంజునాథ, బైకెక్కుతూ.

"రాకపోనీ. ఆ బరువు కింద నిలబడేది మా ఊరి పిల్లోళ్లు."

ముక్కల్ని పాడి ఎనుములు కట్టేసుకోమని పక్కింటికి ఇచ్చేసింది. ఇద్దరం రాగిసంగటి, చింతకాయ ఊరుబిండి పచ్చడితో తిన్నాం. మూడింటికి నేను ఆటో ఎక్కాను.

పదిహేను రోజులకు ఫోన్ చేసింది. మంజునాథ మళ్లీ రాలేదు. ఒక మగ్గం ఆపేసి, రెండోదాని మీద శెనక్కాయ లారీలకు సరుకు బిగించే పట్టీలు నేస్తోంది. "చిన్న పనే. కానీ చీటీ మీద ఉండేదే బెల్టులో ఉండాదక్కా," అంది. పెద్ద ఫ్యాక్టరీలో, పెద్ద యంత్రాల పక్కన కూర్చుని నేను 'కుదరదు' అనడానికి మూడోసారి దాకా ఆగాను. ఆమె ఒక్క పూట కూడా ఆగలేదు. ధైర్యం జీతం పెరిగాక వస్తుందనుకునేదాన్ని. అది నేను నాకు చెప్పుకున్న సాకు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: సోలార్ పార్కు గేటు లోపలికి ముందస్తు అనుమతి లేకుండా వదలరు. ఊళ్లోని షెడ్డు చూడాలంటే మాత్రం పదింటికల్లా చేరుకోండి, బెల్టుల్ని లాగి పరీక్షించేది ఆ వేళకే.