ఐదువందల చిప్పులూ కాంతమణి మణికట్టూ

సీతాఫల్‌మండిలో మా పక్కింటి కాంతమణి దగ్గర థర్మామీటరు లేదు. మణికట్టు ఉంది. దాన్ని చూస్తే పాదరసం సిగ్గుపడి దిగిపోతుందని వీధంతా ప్రచారం చేసింది నేనే. పరీక్ష ఎగ్గొట్టాలని మా మనవరాలు షెకీనా చంకలో ఉల్లిపాయ పెట్టుకుని జ్వరం తెచ్చుకుంటే, కాంతమణి ఒక్కసారి నుదురు తాకి, "కర్నూలు ఉల్లిగడ్డ. పొద్దున ఏడింటికి పెట్టింది" అని తేల్చేసింది. ఇందులో సగం అబద్ధం. ఏ సగమో అడక్కండి.

లిఫ్టులకు కంట్రోల్ బోర్డులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఆమె ఉద్యోగం. బయట కొన్న చిప్పులను పరీక్షించి సంతకం పెట్టాలి. ఉద్యోగం ఏడాదికోసారి రెన్యువల్. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి కాబట్టి ఈసారి ఉంటుందో ఊడుతుందో మేనేజర్ తిరుమల్ దయ.

సరిగ్గా ఆ నెలలోనే ఐదువందల చిప్పులొచ్చాయి. మంచిదనుకున్న ఒక నమూనా చిప్పును ఎదురుగా పెట్టుకుని, మిగతావాటిని దానితో పోల్చడం అక్కడి పద్ధతి. మిషన్ పోల్చింది. అన్నీ అచ్చం నమూనాలాగే ఉన్నాయంది. సాయంత్రానికి బోర్డులు ఒక ఆస్పత్రి లిఫ్టులకు వెళ్ళాలి. సంతకమే తరువాయి.

కాంతమణి ఒక చిప్పుకు కరెంటిచ్చి, ఏ పనీ చెప్పకుండా వదిలేసి, కాసేపాగి మణికట్టు ఆనించింది. మళ్ళీ ఆనించింది.

"తిరుమల్ సారూ, దీనికి జ్వరముంది."

"చిప్పుకు జ్వరమేందీ మేడమ్! పరేషాన్ చెయ్యకుండ్రి. జెర సంతకం కొట్టుండ్రి."

"పని లేకున్నా వెచ్చగుంది. లోపల ఎవరో మేల్కొని ఉన్నరు."

"నమూనా సుత గంతే వెచ్చగుంది కదా. మిషన్ అబద్ధం చెప్తదా?"

"చెప్పదు. ఆ నమూనా ఎవరిచ్చిండ్రు?"

తిరుమల్ ఫ్యాను వైపు చూశాడు. "చిప్పులమ్మినోళ్ళే."

"మంచిగుంది. దొంగను గుర్తుపట్టనీకి వాని కవల తమ్ముణ్ణి కూసోబెట్టుకున్నరు."

"సరుకు ఆగితే మీ రెన్యువల్ సంగతి నేను చెప్పలేను మేడమ్."

"లిఫ్టుల స్ట్రెచర్ మీద పోయేటోళ్ళకు రెన్యువల్ లేదు సారూ," అని పెన్ను మూత పెట్టేసింది.

సరుకు ఆగింది. ఒక చిప్పు ల్యాబుకు వెళ్ళింది. అక్కడ దాని పైకప్పును యాసిడ్‌తో కరిగించి, పొర తర్వాత పొర ఫోటోలు తీసి, అసలు డిజైనుతో సరిచూశారు. ఒక మూల, డిజైనులో లేని బుల్లి సర్క్యూటు నక్కి ఉంది. లిఫ్టు ఎన్నిసార్లు తిరిగిందో నిద్ర లేకుండా లెక్కపెట్టడమే దాని పని. లక్షోసారి లిఫ్టును రెండంతస్తుల మధ్య ఆపేయాలని దానికి ఆజ్ఞ. దాన్ని ఎవరు దూర్చారో ఇంకా తేలలేదు.

పది రోజులకు తిరుమల్ రెన్యువల్ కాగితాలు స్వయంగా ఇంటికే తెచ్చాడు. రెండేళ్ళకు. కాంతమణి కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవసాగింది.

"మన కంపెనీ కాగితాలే కదా మేడమ్, నమ్మరా?"

"కూసో సారూ. చాయ్ తాగు. ఇంకా నాలుగు పేజీలున్నయ్."