ప్రతి వాక్యంలో ఒక ఫ్రేజు

ఆ గది గోడల మీద సున్నం కన్నా కాగితాలే ఎక్కువ. ఒక్కో కాగితం మీద ఒక ఇంగ్లీషు ఫ్రేజు, దాని కింద తెలుగులో అర్థం. 'ఒన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' కింద 'అమావాస్యకో పున్నానికో' అని ఉంటుంది. 'పీస్ ఆఫ్ కేక్' కింద 'నల్లేరు మీద బండి నడక' అని ఉంటుంది. అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసింది చిట్టి. కింద మెట్ల దగ్గర వేలాడే బోర్డు మీద పేరు మాత్రం వాళ్ళన్నయ్యది.

పగలంతా అది స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు. ఆఖరి బ్యాచ్ మెట్లు దిగాక రెండు బెంచీలు దగ్గరికి జరిపితే అదే చిట్టి పడకగది. ఆమె బట్టల పెట్టె టీచరు బల్ల కింద ఉంటుంది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కాళ్ళు చాపితే చెప్పులు దానికే తగులుతాయి. వీధి తలుపు గడియ ఏనాడో ఊడిపోయింది. "క్లాసుకి గడియెందుకు, వచ్చేవాళ్ళు వెనక్కి పోవడానికా?" అని అన్నయ్య దాన్ని బాగు చేయించలేదు. ఒకసారి పొద్దుటి బ్యాచ్‌లో ఒకాయన తొందరగా వచ్చేసి, దుప్పటి కప్పుకుని పడుకున్న చిట్టికి ఎదురుగా కూర్చుని, ఆమె కళ్ళు తెరవగానే "గుడ్ మార్నింగ్ మేడం" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. పాఠంలో చెప్పిందే చేశాడు. అప్పటినుంచి చిట్టికి నిద్ర కూడా టైమ్‌టేబుల్ ప్రకారమే.

నాన్న పోయాక ఆమె అన్నయ్య ఇంటికి వచ్చింది. అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. అదే సమయానికి క్లాసు చెప్పే మాస్టారు ఇంకెక్కడికో వెళ్ళిపోయాడు. "కొత్త మాస్టారు దొరికేదాకా నువ్వు చూసుకో చిట్టీ. కాలేజీ ఎక్కడికీ పారిపోదు" అన్నాడు అన్నయ్య. కాలేజీ పారిపోలేదు. కొత్త మాస్టారూ దొరకలేదు. వెతికితే కదా దొరకడానికి!

"మామూలు ఇంగ్లీషు వీధికొకడు చెప్తాడు, మన సరుకు వేరు" అనేది అన్నయ్య మాట. ప్రతి వాక్యంలోనూ ఒక ఫ్రేజు దూరాలన్నది ఆయన పెట్టిన నియమం. ఫ్రేజు లేని వాక్యం ఉప్పు లేని కూర అని చేరేవాళ్ళందరికీ చెప్పేవాడు. చెప్పేసి, తెర వెనక ఇంట్లోకి పోయి పేపరు చదువుకునేవాడు. ఉప్పు వేసే పని చిట్టిది.

ఇంట్లో నోరు మెదపని చిట్టి క్లాసులో మాత్రం గొంతు ఎత్తేది.

"పుటప్ విత్ అంటే, నచ్చకపోయినా ఓర్చుకుని ఉండటం. ఎవరైనా ఒక వాక్యం చెప్పండి."

వెనక బెంచీలో లిఫ్ట్ ఆపరేటరు లేచాడు. పెద్ద హోటల్లో పని ఆయనకి. తల నెరిసినా క్లాసు ఎగ్గొట్టడు. "ఐ పుటప్ విత్ మై వైఫ్."

అందరూ నవ్వారు.

"కరెక్టే. కానీ ఈ వాక్యం ఆవిడైతే ఇంకా బాగా చెబుతుంది" అంది చిట్టి. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆయనే.

ఆ రోజు అందరూ వెళ్ళాక ఆయన చెప్పులు వెతుక్కుంటున్నట్టు ఆగాడు. "టీచరమ్మా, ఒక మాట. మా హోటల్లో ముందు కౌంటరు దగ్గరికి అమ్మాయి కావాలట. నాలుగు ముక్కలు ఇంగ్లీషు వస్తే చాలట. మీకు నాలుగొందలు వచ్చు కదా. ఉండటానికి గది కూడా ఇస్తారు, ఇద్దరికొకటి."

"గదికి లోపల గడియ ఉంటుందా?"

ఆయన ఆమె వైపు వింతగా చూశాడు. "గడియ లేని గదేంటమ్మా?"

చార్టు కాగితాలు కొనాలని ఇంట్లో చెప్పి, చిట్టి హోటలుకి వెళ్ళింది. మేనేజరమ్మ కళ్ళద్దాలు మెడలో గొలుసుకి వేలాడేసుకుని, చల్లారిన టీ పక్కన పెట్టుకుని కూర్చుంది. నీ గురించి చెప్పమని ఇంగ్లీషులో అడిగింది.

చిట్టి మొదలుపెట్టింది. 'మిడ్‌నైట్ ఆయిల్' తగలెట్టి పని చేస్తానంది. 'స్టోన్' ఒక్కటి కూడా తిరగెయ్యకుండా వదలనంది. ఏ వాక్యమూ ఉప్పు లేకుండా పోలేదు. మేనేజరమ్మ పెదవి చివర కదలడం ఆమె గమనించింది. ఎదుటివాళ్ళ ముఖాలు చూసి బతికిన పిల్లకి అది తెలియకపోవడమేమిటి! గమనించినా ఆపడం చేతకాలేదు. జారుడుబల్ల మీద కూర్చున్నాక మధ్యలో దిగడం ఎలా?

"ఒకాయన గది తాళం పోగొట్టుకున్నాడు. కౌంటరు దగ్గరికి వచ్చి అరుస్తున్నాడు. ఏం చెబుతావు?"

"డోంట్ క్రై ఓవర్ స్పిల్ట్ మిల్క్, సర్" అంది చిట్టి.

ఒలికిన పాలకి ఏడవకండి అని, కోపంతో ఊగిపోతున్న మనిషికి! మేనేజరమ్మ ఫక్కున నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, తెలుగులోకి దిగింది. "ఎవరు నేర్పారమ్మా నీకిలాగ?"

"నేనే అందరికీ నేర్పుతానండీ."

"సరిపోయింది. మరి ఆ పని ఎందుకు మానాలనుకుంటున్నావు?"

దీనికి జవాబు ఎంతమందికి వల్లె వేయించిందో. "ఐ వాంట్ టు స్ప్రెడ్ మై వింగ్స్."

"రెక్కలు చాచుకోవాలనా? గోడ మీద అంటించుకోవడానికి బాగుంటుంది. నీ సంగతి చెప్పు. తెలుగులోనే చెప్పు."

తెలుగులోనూ రాలేదు. అప్పుడు తెలిసింది చిట్టికి, ఈ మాట తను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదని. ఎవరూ అడగలేదు మరి. ఫ్రేజులకైతే గోడ నిండా కాగితాలున్నాయి. దీనికి మాత్రం ఏమీ లేదు.

"నేను పడుకునే గదిలోకి ఎవరైనా వచ్చేస్తారండీ" అంది.

మేనేజరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఆమె ముఖంలోకి చూసింది. ఈసారి నవ్వలేదు.

"వచ్చేటప్పుడు ఈ ఫ్రేజులన్నీ ఇంట్లో వదిలిపెట్టి రా. తాళం పోయినవాడికి ఇంకో తాళం కావాలి, సామెత కాదు. ఎల్లుండి లోపు ఫోన్ చేస్తాం. నంబరు?"

చిట్టికి ఫోను లేదు. నోటికి వచ్చిన నంబరు ఒక్కటే, బోర్డు మీద అన్నయ్య పేరు కింద ఉన్నది. అదే చెప్పింది. ఆ ఫోను ఎత్తేది అన్నయ్యేనని తెలుసు. అయినా వేరే నంబరు ఎక్కణ్ణించి తేగలదు?

మర్నాడంతా అన్నయ్య జేబు వైపే చూసింది. ఆ మర్నాడు మధ్యాహ్నం బ్యాచ్ జరుగుతుండగా తెర వెనక ఫోను మోగింది. అన్నయ్య ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు.

"సారీ మేడం. షి ఈజ్ టైడ్ అప్ హియర్. షి హాజ్ టు టర్న్ ఇట్ డౌన్."

తీరిక లేదట, వద్దంటోందట. ఇన్నాళ్ళూ పేపరు చదువుతున్నాడనే అనుకుంది. తెర వెనక కూర్చుని ప్రతి పాఠమూ విన్నాడన్నమాట. ఒక్క తప్పు లేదు.

మధ్యన ఉన్నది తెర మాత్రమే. పక్కకి తోస్తే చాలు. చిట్టి చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. బెంచీల్లో అందరూ ఆమెనే చూస్తున్నారు. ఇంకాసేపటికి, ఎక్కడ ఆపిందో అక్కణ్ణించే పాఠం మొదలుపెట్టింది.

బ్యాచ్ వెళ్ళాక అడిగింది. "అన్నయ్యా, హోటలు వాళ్ళేనా ఫోన్ చేసింది?"

"ఆఁ. వద్దని చెప్పేశా. చార్టు కాగితాలకి వెళ్ళి ఉద్యోగం కొనుక్కొచ్చావే!" అని నవ్వాడు. "ఇక్కడ అందరూ నిన్ను మేడం అంటున్నారు. అక్కడ నిలబడి వచ్చేపోయేవాళ్ళకి తాళాలు అందించే ఖర్మ నీకెందుకు?"

"నన్నడగొచ్చు కదా."

"అడిగితే నువ్వేం చెబుతావో నాకు తెలియదా? చిన్నప్పటినుంచి నీ తరఫున మాట్లాడేది నేనేగా." చిట్టి తల మీద చెయ్యి వేసి నిమిరాడు. "నువ్వు పోతే బోర్డు దించెయ్యాలమ్మా. తర్వాత మేమందరం ఏం తినాలి?"

కొట్టే మనిషి కాదు, అరిచే మనిషీ కాదు. అరిచినా బాగుండేది, తనకీ అరవడానికి వీలుండేది. ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ చిట్టి కదలకుండా నిలబడింది.

ఆ వారం చివర లిఫ్ట్ ఆపరేటరు కబురు తెచ్చాడు. ఆ ఉద్యోగంలో వేరే అమ్మాయి చేరిందట. "రద్దీ రోజులు మొదలైతే ఇంకొకర్ని తీసుకుంటారట. ఈసారి మీ సొంత నంబరు ఇమ్మంది మేనేజరమ్మ." ఒకసారి తెర వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీ అన్నగారి నంబరు మాత్రం వద్దంది."

సొంత నంబరు! చిట్టి వంటింట్లోకి పోయి, అడగకుండానే కూర గిన్నె ముందేసుకుని కడగడం మొదలుపెట్టింది. వదిన పక్కన నిలబడి కాసేపు చూసింది.

"అడుగంటని గిన్నెని అంతలా తోముతావేమే? నాది ఇవ్వు."

"ఏది వదినా?"

"నంబరు. ఆ లిఫ్టాయన గుసగుసలాడితే వీధి చివరికి వినిపిస్తుంది. నా ఫోను మీ అన్నయ్య ముట్టుకోడు, ఎత్తితే అవతల మా అమ్మ ఉంటుందని భయం."

చిట్టి చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. "మరి క్లాసు?"

"వద్దని చెప్పడానికి వచ్చిన ఇంగ్లీషు పాఠం చెప్పడానికి రాదా? నువ్వున్నావని ఒళ్ళు బరువెక్కింది ఆయనకి, అంతే." వదిన గిన్నె లాక్కుంది. "నీ మీద జాలి పడి చెబుతున్నాననుకునేవు. రాత్రి బెంచీల మోత, తెల్లారకుండా నీ స్నానాల హడావిడి, వేగలేక ఛస్తున్నా. నువ్వు కదిలితే ఇంట్లో అందరం ఓ గంట ఎక్కువ పడుకుంటాం."

చిట్టి ఆ నంబరు లిఫ్ట్ ఆపరేటరుకి నోటితోనే చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని వల్లె వేస్తూ మెట్లు దిగాడు.

రద్దీ రోజులు ఇంకా రాలేదు. చిట్టి అదే గదిలో పాఠం చెబుతోంది, బెంచీలు జరుపుకుంటోంది, చీకటి ఉండగానే లేస్తోంది. వంటింట్లో ఫోను మోగినప్పుడల్లా ఆమె మాట మధ్యలో ఆగిపోతుంది. రాసుకోవడానికి టైమిస్తోందనుకుని బెంచీల్లో అందరూ తలలు వంచి గబగబా రాస్తారు. లోపల్నించి వదిన గొంతు వినిపిస్తుంది. "ఆఁ, అమ్మా, చెప్పు."

చిట్టి మళ్ళీ బోర్డు వైపు తిరుగుతుంది.