సౌండ్ తీసేసిన డెమో

2024 వానాకాలం. సూరత్‌లో పాండేసరా వైపున్న ఒక చిన్న రిహాబ్ సెంటర్‌లో నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. పక్షవాతం వచ్చిన మనిషి మళ్ళీ తన అన్నం తాను తిని, తన చొక్కా తాను తొడుక్కునేలా చేయడం నా పని. చేతి వ్యాయామాల కోసం కొన్న గేమింగ్ కన్సోల్ ఒకటి మా దగ్గర ఉంది. ఏ ఆట రోగులకు పనికొస్తుందో ముందు నేనే ఆడి చూస్తాను. జీతం తీసుకుని ఆటలాడే ఉద్యోగమని ఇంట్లో వాళ్ళు ఎగతాళి చేస్తుంటారు.

సత్తయ్యకు యాభై రెండేళ్ళు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడి బమ్రోలిలో స్థిరపడ్డ నేత కుటుంబం. ముప్ఫై ఏళ్ళు మరమగ్గాల మీద పనిచేశాడు. స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి కొంత బలహీనపడింది, కానీ అసలు చిక్కు అది కాదు. దాన్ని నెగ్లెక్ట్ అంటాం. కన్ను బాగానే ఉంటుంది. మెదడే ఎడమ వైపు ఉన్నవాటిని పట్టించుకోవడం మానేస్తుంది. కంచంలో కుడి సగం తినేసి "ఇంత కూర ఎయ్యరాదే" అని అడిగేవాడు. కూర ఎడమ సగంలో అలాగే ఉండేది.

అటు తిరిగే అలవాటు కావాలని ఆయన భార్య పద్మను రోజూ ఎడమ పక్కనే కూర్చోమన్నాను. మూడు వారాలు కూర్చుంది. ఆయన ఒక్కసారి కూడా తిరగలేదు. ఒక రోజు ఆమె నన్ను వరండాలోకి పిలిచింది.

"గాయన పడ్డ దినం పొద్దుగాల మేమిద్దరం కొట్లాడుకున్నం మేడం. నీ మొఖం గూడ సూడ అన్నడు. గా కోపం ఇంక పోలేదా ఏంది?"

అది కోపం కాదు, జబ్బు అని విడమరిచి చెప్పాను. అర్థమైనట్టు తల ఊపింది గానీ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఏం చేయాలో తోచక నాకు నా మీదే చిరాకు వేసింది.

ఆ వారంలోనే ఒక కొత్త ఆట డెమో ఉచితంగా వస్తే దించుకున్నాను. రియల్ టైమ్ స్ట్రాటజీ అంటారు ఈ రకాన్ని. ఇందులో వంతులుండవు. మనం ఆలోచిస్తూ కూర్చున్నా అక్కడ పనులు జరిగిపోతూనే ఉంటాయి. ఒక పల్లె ఉంటుంది. ఎడమ కొసన కట్టెలు కొట్టేవాళ్ళు, కుడి కొసన కమ్మరులు, మధ్యలో పొలాలు. అందరినీ మనమే కనిపెట్టుకోవాలి. నా మొదటి అభిప్రాయం అంత గొప్పగా లేదు. మౌస్‌తో ఆడాల్సిన ఆటను తెచ్చి కంట్రోలర్‌లో కుక్కారు. ఒక మనిషిని ఎంచుకోబోతే పక్కవాడు లేచి వస్తాడు. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. గుండ్రటి మెనూ తిప్పి తిప్పి బొటనవేలు నొప్పెట్టింది. అరగంటలో తీసిపారేద్దామనుకున్నాను.

అయితే ఎడమ కొసన ఏదో ఒకటి ఎప్పుడూ జరుగుతూ ఉంటుంది కదా, చూద్దామని సత్తయ్య ముందు పెట్టాను. కంట్రోలర్ మీది జాయ్‌స్టిక్ పుల్లను జరపడం ఆయన కుడి చేతికి ఇచ్చి, మిగతా బటన్లు నేను నొక్కాను. పద్మ ఎప్పటిలాగే ఎడమ పక్కన కూర్చుంది. ఆయన కుడి వైపు కమ్మరుల దగ్గరే తిరిగాడు. కాసేపటికి విసుగు మొదలైంది.

"ఎలా ఉంది బాబాయ్?"

"ఏముంది బిడ్డా, అందరు పని బంద్ చేసి కూసున్నట్టున్నరు."

"చేస్తున్నారుగా, చూడండి."

"మరి సప్పుడేది?"

పక్క గదిలో స్పీచ్ థెరపీ నడుస్తుంది, వాళ్ళు కసురుకుంటారని ప్రతి ఆటకూ సౌండ్ తీసేయడం నాకు అలవాటు. ఆ మాటే చెప్పాను.

"సప్పుడు లేకుంట ఎట్ల సూడాలె?" అన్నాడు. "పన్నెండు సాంచలు నడిపిస్తం బిడ్డా." సాంచ అంటే వాళ్ళ మాటలో మరమగ్గం. "ఒక్కొక్కదాన్ని సూసుకుంట నిలవడ్తమా? పోగు తెగి ఏదాని సప్పుడు ఆగితే గా దిక్కు ఉరుకుడే. జర పెంచు."

పెంచాను. కుడి స్పీకర్లో సుత్తి దెబ్బలు, ఎడమ స్పీకర్లో గొడ్డలి దెబ్బలు. సత్తయ్య వెన్ను నిటారు చేశాడు. మొహంలో ఇన్నాళ్ళూ నేను చూడని ఒక కుదురు కనిపించింది. పది నిమిషాలు గడిచాయి. ఎడమ కొసన శత్రువులు వచ్చి పడ్డారు. గొడ్డళ్ళు ఆగిపోయాయి.

"పోగు తెగింది," అంటూ చటుక్కున తల ఎడమకు తిప్పాడు.

ఆ తల టీవీ దాటి, మగ్గాల మధ్య సందులో తిరిగినట్టు పూర్తిగా పక్కకు తిరిగింది. అక్కడ పద్మ ఉంది. ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఏమే, నువ్వెప్పుడచ్చినవ్?"

మూడు వారాలుగా అదే కుర్చీలో కూర్చున్న మనిషి కొంగుతో మొహం తుడుచుకుని, "ఇప్పుడే అచ్చినయ్యా," అంది.

నాకు ఏడుపు ఆగలేదు. రోగుల ముందు ఏడవకూడదని కొత్తవాళ్ళకు పాఠాలు చెప్పేదాన్ని నేనే.

సత్తయ్య ఒక్క రోజులో బాగైపోలేదు. నెలలు పట్టింది. ఎడమ పక్కన ఏదో ఒక చప్పుడు పెట్టి, ఆపి, తిరిగేలా చేస్తూ వచ్చాం. కంచం మొత్తం చూసి తినడం నేర్చుకున్నాడు. ఆ ఆట ఎలా ఉందని ఎవరైనా అడిగితే కన్సోల్ మీద ఆడటం చిరాకు అనే ఇప్పటికీ చెబుతాను.

ఇప్పుడు కొత్త రోగి ఎవరొచ్చినా, రిపోర్టులు తెరవక ముందే వాళ్ళు చేసే పని గురించి అడుగుతాను. పనిలో ఏం చూస్తారు, ఏం వింటారు, దేనికి ఉలిక్కిపడి లేస్తారు అని. సత్తయ్యను మూడు వారాల పాటు చూడు చూడు అని వేధించాను. ఆయన జీవితమంతా చెవితో పనిచేసిన మనిషని అడిగి తెలుసుకోనే లేదు. మొదటి రోజే అడిగి ఉంటే, పద్మ అన్నాళ్ళు ఆయన తన మీద కోపంతో ఉన్నాడనుకుని ఆ కుర్చీలో కూర్చునేది కాదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.